రక్తం తగ్గితే కిడ్నీలో ముందు ఎండేది శివారే

దాళ్వా కోతల రోజులు. అమలాపురం చుట్టుపక్కల ఒక కూలీని ఊహించుకుందాం. రెండు రోజులుగా విరేచనాలు, వాంతులు. అయినా కూలి పోతుందని చేలోకి దిగాడు. సాయంత్రానికి ఒళ్లు నొప్పులు పట్టుకుంటే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల ఇంజెక్షన్ చేయించుకున్నాడు. మూడో రోజుకి మూత్రం దాదాపు ఆగిపోయింది, కళ్లు తిరిగి పడిపోయాడు. పెద్దాస్పత్రికి తీసుకెళ్లేసరికి పై బీపీ 80. కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం క్రియాటినిన్ 3.4. సెలైన్లు ఎక్కించారు. రాత్రికల్లా బీపీ 110కి వచ్చింది, మనిషి లేచి కూర్చుని మాట్లాడాడు. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. మర్నాడు రిపోర్టు చూస్తే క్రియాటినిన్ 4.6.

"సెలైన్ పెట్టారు, బీపీ వచ్చింది, మనిషి తేరుకున్నాడు. మరి కిడ్నీ ఇంకా ఎందుకు పాడవుతోంది?" అని వాళ్లు అడిగితే తప్పు పట్టాల్సిన పని లేదు. నీళ్లు లేక వాడిన మొక్కకు నీళ్లు పోస్తే నిలబడాలి కదా అనే లెక్క అది. కిడ్నీ విషయంలో ఆ లెక్క సగం వరకే నిజం. మిగతా సగం తెలియాలంటే కిడ్నీలో రక్తం ఎలా పారుతుందో చూడాలి. కాలువల కింద వ్యవసాయం చేసే డెల్టా రైతుకు ఇది పాఠ్యపుస్తకం కంటే తేలిగ్గా అర్థమవుతుంది.

రెండు కిడ్నీలూ కలిపి 300 గ్రాముల బరువు ఉంటాయేమో. ఒంటి బరువులో అర శాతం కూడా కాదు. కానీ గుండె నిమిషానికి తోడే ఐదు లీటర్ల రక్తంలో లీటరు, లీటరుంబావు వీటికే పోతుంది. బరువుతో పోల్చి చూస్తే మెదడుకు కూడా ఇంత వాటా లేదు. ఇంత రక్తం అందే అవయవానికి రక్తం చాలకపోవడం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. చిక్కు ఏమిటంటే, ఆ రక్తంలో ఎక్కువ భాగం కిడ్నీ తిండి కోసం వచ్చింది కాదు, వడకట్టడానికి వచ్చింది. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడపోతలో దిగుతుంది. అందులో లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి పోతుంది. మిగతాదంతా ఆ ద్రవం పారే సన్నని గొట్టాల, అంటే నాళికల, గోడల్లోని కణాలు ఒడిసిపట్టి రక్తంలోకి తిరిగి పంపుతాయి. అసలు కష్టం ఈ తిరిగి పంపడంలోనే ఉంది. ఉప్పును ఎదురు తోయాలి, దానికి శక్తి కావాలి, శక్తికి ఆక్సిజన్ కావాలి.

వడపోత జరిగే పై పొరను కార్టెక్స్ అంటారు. వచ్చిన రక్తంలో దాదాపు 90 శాతం అక్కడే తిరుగుతుంది. లోపలి భాగమైన మెడుల్లాకు దక్కేది మిగిలిన పదో వంతే. ధవళేశ్వరం తలగేట్ల దగ్గర కాలువ నిండుగా ఉరకలేస్తుంది. అదే నీరు కాట్రేనికోనకో మొగల్తూరుకో చేరేసరికి బోదె అడుగున పారుతుంది. కిడ్నీలో మెడుల్లా ఆ శివారు. కార్టెక్స్‌లో ఆక్సిజన్ పీడనం 50 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, మెడుల్లాలో 10 నుంచి 20 మధ్య ఊగుతుంది. అదీ ఆరోగ్యవంతుడికి, మామూలు రోజున. అందిన ఆక్సిజన్‌లో 80 శాతం వరకు అక్కడి కణాలు వాడేస్తాయి. చేతిలో మిగులు ఉండదు.

ఇది ప్రకృతి చేసిన పొరపాటు కాదు. మూత్రం చిక్కబడాలంటే లోపలి భాగంలో ఉప్పు పేరుకుని ఉండాలి. రక్తం జోరుగా పారితే ఆ ఉప్పు కొట్టుకుపోతుంది. అందుకే అక్కడి రక్తనాళాలు సన్నగా, పక్కపక్కనే ఒకటి కిందికి, ఒకటి పైకి సాగుతాయి. దిగే నాళంలోని ఆక్సిజన్ కొంత, అడుగుకు చేరకముందే పక్కనున్న ఎక్కే నాళంలోకి జారిపోతుంది. నీటిని పొదుపు చేసే శక్తి కోసం కిడ్నీ తన శివారును ఎప్పుడూ కరువు అంచున ఉంచుకుంటుంది. ఎడారిలోనూ బతకగలిగే ఒంటికి ఇది మంచి బేరమే. రక్తపోటు పడిపోయిన రోజున మాత్రం ఆ బేరం ఖరీదు తెలుస్తుంది.

ఆ శివారులో కాపురం ఉండేవి ముఖ్యంగా రెండు రకాల కణాలు. మొదటి నాళిక చివరి ముక్కలోవి ఒక రకం, పైకి ఎక్కే మందపాటి నాళికలోవి ఇంకో రకం. రెండూ ఉప్పు మోసేవే. రెండో రకానికి ఆక్సిజన్ లేకపోయినా చక్కెరను విరగ్గొట్టి కాస్త శక్తి తయారు చేసుకునే వీలుంది. మొదటి రకానికి ఆ ఏర్పాటు చాలా తక్కువ. అవి కొవ్వును ఆక్సిజన్‌తో మండించుకునే బతుకుతాయి. రెండో రకం కాలువ ఎండినా బోరు ఉన్న రైతు, మొదటి రకం పూర్తిగా కాలువనే నమ్ముకున్న రైతు. సముద్రం దగ్గరి శివారులో బోరు వేసినా పడేది ఉప్పునీరే కాబట్టి కాలువనే నమ్ముకున్న ఆ రైతు గోడు ఆ ఊళ్లవాళ్లకు వివరించనక్కర్లేదు.

మొదటి రోజు కిడ్నీ ఓడిపోదు

విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గగానే కిడ్నీ దెబ్బతినదు. ముందు తనను తాను కాపాడుకుంటుంది. రక్తాన్ని వడకట్టే సన్న నాళాల గుత్తిలోకి రక్తం తెచ్చే నాళాన్ని వెడల్పు చేస్తుంది. దీనికి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు పనిచేస్తాయి. గుత్తి నుంచి రక్తం తీసుకుపోయే నాళాన్ని బిగిస్తుంది. దీనికి యాంజియోటెన్సిన్ అనే హార్మోను కావాలి. లోపలికి తెచ్చే తూము తెరిచి, బయటికి పోయే తూము సగం మూస్తే మధ్యలో నీటిమట్టం నిలబడినట్టు, రక్తం తగ్గినా వడపోత ఒత్తిడి నిలబడుతుంది. ఈ దశలో మూత్రం కొద్దిగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. పరీక్షిస్తే అందులో ఉప్పు దాదాపు ఉండదు. కిడ్నీ పాడైందని చెప్పే గుర్తు కాదిది. చుక్క నీటిని కూడా వదలకుండా గట్టిగా పనిచేస్తోందని చెప్పే గుర్తు. ఇక్కడే ఒంట్లో నీరు నింపితే ఒకటి రెండు రోజుల్లో అంతా సర్దుకుంటుంది. ఓఆర్‌ఎస్ పొట్లం విలువ అసలు ఈ దశలోనే.

మన కూలీకి పడిన నొప్పుల ఇంజెక్షన్ ఈ ఏర్పాటు మీదే దెబ్బ కొట్టింది. డైక్లోఫెనాక్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. నొప్పి తగ్గేది అందుకే. కిడ్నీలో తెరుచుకోవాల్సిన తూము తెరుచుకోనిదీ అందుకే. బాగా నీళ్లు తాగుతూ, తిండి తింటూ ఉన్న మనిషికి ఒక ఇంజెక్షన్‌తో సాధారణంగా ఏమీ కాదు. ఒళ్లు ఎండిపోయి ఉన్న మనిషికి అదే మందు వేరే సంగతి. బీపీకి వాడే 'ప్రిల్', 'సార్టన్' అని ముగిసే పేర్ల బిళ్లలు రెండో తూము బిగుసుకోకుండా చేస్తాయి. మూత్రం జారీ అయ్యే బిళ్ల కూడా తోడైతే మూడు దెబ్బలు ఒకేసారి. ఆ మందులు చెడ్డవని కాదు, చాలామందికి కిడ్నీని కాపాడేవి అవే. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున వాటిని వేసుకోవాలా ఆపాలా అని డాక్టరును అడగడం మాత్రం చాలామందికి తట్టదు.

కాపుదల చాలని క్షణం నుంచి కథ మారుతుంది. ఆక్సిజన్ అందని కణంలో నిమిషాల్లోనే శక్తి నిల్వ పడిపోతుంది. ఉప్పును బయటికి తోసే పంపులు ఆగుతాయి. ఉప్పు, దాని వెంట నీరు లోపలికి చొరబడి కణం ఉబ్బుతుంది. కాల్షియం పెరుగుతుంది. కణం అంచున నూగులా ఉండే కుచ్చు రాలిపోతుంది. ఇంకో విచిత్రం కూడా జరుగుతుంది. ఎప్పుడూ రక్తం వైపు గోడకు అతుక్కుని ఉండే పంపులు పట్టు తప్పి మూత్రం వైపుకు చేరతాయి. ఇంజిను ఉంటుంది, కానీ చేలో నీరు కాలువలోకి తోడుతుంది. పట్టు సడలిన కణాలు, కొన్నయితే బతికుండగానే, ఊడి నాళికలో పడతాయి. అక్కడి జిగురు ప్రోటీనుతో కలిసి ముద్ద కట్టి దారి మూస్తాయి. మురుగు కోడులో గుర్రపుడెక్క పేరుకుంటే వెనకున్న చేలు మునిగినట్టు, వెనక ఒత్తిడి పెరిగి వడపోత ఆగుతుంది. మూత్రాన్ని మైక్రోస్కోపు కింద పెడితే ఆ ముద్దలు బురద రంగులో, గొట్టం ఆకారంలో కనిపిస్తాయి. ఖరీదైన పరీక్షలు ఎన్ని వచ్చినా ఓపికున్న డాక్టరు ఆ ఒక్క చుక్కలోనే జబ్బు పట్టేస్తాడు.

మూత్రం ఆగడం గురించి 1976లో థురావ్, బాయ్లన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మొత్తం ఆలోచననే తిరగేశారు. దీన్ని కిడ్నీ వైఫల్యం అంటున్నారు, నిజానికి ఇది కిడ్నీ విజయం కాదా అన్నారు. లెక్క చూస్తే వాళ్ల మాటలో బలం కనిపిస్తుంది. వడపోత నిమిషానికి 125 మిల్లీలీటర్లు. రక్తంలో ఉండే ప్లాస్మా మూడు లీటర్లు. నాళికల కణాలు దెబ్బతిని, వడకట్టిన దాన్ని తిరిగి పట్టుకోలేని రోజున వడపోత మాత్రం మామూలుగానే సాగిందనుకోండి. అరగంట తిరక్కుండా ఒంట్లోని ప్లాస్మా మొత్తం మూత్రంగా పోతుంది. అందుకే నాళికలో కొంత దూరాన ఒక కాపలా కణాల గుంపు ఉంటుంది. తన దగ్గరికి ఉప్పు మామూలు కంటే ఎక్కువగా వస్తోందంటే వెనక ఎవరో పని మానేశారని దానికి తెలుస్తుంది. వెంటనే పైనున్న రక్తనాళాన్ని బిగించేస్తుంది. కింద గట్టు తెగిందని కబురు రాగానే లస్కరు లాకు దించేసినట్టే. చేలకు నీరు అందదు, ఊరు మాత్రం మిగులుతుంది. ఈ వాదన అన్ని కేసులకూ సరిపోదు. ఊడిన కణాలతో నాళికలు మూసుకుపోయి, వడకట్టింది గోడల్లోంచి వెనక్కి కారిపోయే కేసుల్లో దీన్ని విజయం అనలేం. అయినా మూత్రం రావట్లేదని కంగారు పడే ముందు, రాకపోవడంలో ఒంటికి ఏ లాభం ఉందో అడగడం వైద్యంలో గొప్ప మలుపే.

నీరు వదిలాక పడే గండి

ఇప్పుడు ఇంట్లోవాళ్ల ప్రశ్నకు వద్దాం. బీపీ వచ్చాక కూడా ఎందుకు పాడవుతోంది?

ఎండి నెర్రెలు పడిన గట్టుకు ఒక్కసారిగా నిండు కాలువ నీరు తగిలితే గండి పడే ప్రమాదం ఆ మొదటి గంటల్లోనే ఎక్కువ. కణంలోనూ అలాంటిదే జరుగుతుంది. ఆక్సిజన్ లేనప్పుడు కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే పదార్థం పోగుపడుతుంది. ఆక్సిజన్ తిరిగి రాగానే అది ఒక్కసారిగా కాలిపోతూ శక్తి తయారయ్యే గొలుసును వెనక్కి నడిపిస్తుంది. అందులోంచి కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి. ఎలుకల మీద ఈ దారిని 2014లో స్పష్టంగా చూపించారు. అవి, పేరుకున్న కాల్షియం కలిసి మైటోకాండ్రియా గోడలకు తూట్లు పొడుస్తాయి. రక్తం ఆగిన సేపు ఎలాగో ప్రాణం నిలుపుకున్న కణం, రక్తం వచ్చాక చచ్చిపోతుంది.

దీనికి తోడు సన్నని రక్తనాళాల లోపలి పొర కూడా ఉబ్బి ఉంటుంది. తెల్ల రక్తకణాలు దానికి అతుక్కుంటాయి. ఎర్ర కణాలు గుంపుకట్టి దారి ఇరుకు చేస్తాయి. అందువల్ల పెద్ద నాళంలో రక్తం పుష్కలంగా పారుతున్నా, కార్టెక్స్ తేరుకుంటున్నా, మెడుల్లా బయటి వరసకు మాత్రం గంటల తరబడి సరిగా అందదు. చేతికి కట్టిన బీపీ పట్టీ తలగేటు దగ్గరి మట్టమే చెబుతుంది. శివారులో ఏం జరుగుతోందో దానికి తెలియదు.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది క్రియాటినిన్ స్వభావానికి సంబంధించింది. అది కండరాల్లో పుట్టే వ్యర్థం. కిడ్నీ పూర్తిగా ఆగిపోయినా అది రోజుకు ఒకటి, ఒకటిన్నర చొప్పున మెల్లగా పేరుకుంటుంది. కాబట్టి ఈ రోజు రిపోర్టులోని అంకె గడిచిన రోజుల దెబ్బ తాలూకు లెక్క. భద్రాచలం దగ్గర వరద తగ్గుముఖం పట్టాక కూడా ధవళేశ్వరం దగ్గర మట్టం పెరుగుతూనే ఉంటుంది. అది చూసి వరద ఇప్పుడే మొదలైందనుకునే వాళ్లు డెల్టాలో ఉండరు. 3.4 నుంచి 4.6కి పెరగడంలో కొంత రక్తం తిరిగొచ్చాక జరిగిన నష్టం, కొంత వెనకబడి వచ్చిన లెక్క. రెండింటినీ అంకె చూసి విడదీయలేం. గంటగంటకూ కొలిచిన మూత్రమే ఇంతకంటే ముందుగా కబురు చెబుతుంది. 50 కిలోల మనిషికి గంటకు 25 మిల్లీలీటర్ల కంటే తక్కువగా ఆరు గంటలు సాగితే, 2012 నుంచి ప్రపంచమంతా వాడుతున్న కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ ప్రమాణాల ప్రకారం కిడ్నీకి దెబ్బ తగిలినట్టే. ఆరు గంటల మొత్తం 150 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న గ్లాసుడు.

ఈ దశలో "ఇంకో రెండు సెలైన్లు పెట్టండి సార్" అనే ఒత్తిడి ఆస్పత్రుల్లో తరచూ వినిపించేదే. మొదటి దశలో ప్రాణం పోసిన సెలైన్ ఇప్పుడు ప్రాణం మీదికి తేవచ్చు. బయటికి పోయే దారి లేని నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. గట్టి తొడుగులో ఉండే కిడ్నీ కూడా లోపల ఉబ్బి, తన రక్తనాళాలను తానే నొక్కుకుంటుంది. సార్వా చేనుకు ముంపు వచ్చాక కూడా కాలువ తూము తెరిచి ఉంచే రైతు ఉండడు. డయాలిసిస్ అవసరమైతే అది కిడ్నీని బాగుచేయదు, అది తేరుకునేదాకా మనిషిని నిలబెడుతుంది. ఆ మాత్రం చాలని 1945లో నెదర్లాండ్స్‌లో డాక్టర్ విలెం కోల్ఫ్ చూపించాడు. ఆయన యంత్రంతో బతికి బయటపడిన మొదటి మనిషి ఇలా హఠాత్తుగా కిడ్నీలు ఆగిపోయిన స్త్రీయే.

డెల్టాలో కిడ్నీకి రక్తం తగ్గించే దారులు ఇంకా ఉన్నాయి. చేలగట్ల మీద రక్తపింజర కాటు వాటిలో క్రూరమైనది. బీపీ పడిపోవడం, సన్న నాళాల్లో రక్తం గడ్డకట్టడం, విషం నేరుగా నాళికలను తినడం, అన్నీ కలిసి వస్తాయి. కొందరిలో కార్టెక్స్ కూడా చచ్చిపోతుంది, ఆ నష్టం తిరిగి పూడేది కాదు. కాలికి బిగించి తాడు కట్టి మంత్రం కోసం తిప్పిన ప్రతి గంటా ఇక్కడ లెక్కకు వస్తుంది.

రక్తం ఎప్పుడు ఆగుతుందో ముందే తెలిసే సందర్భం ఒకటుంది. అది కిడ్నీ మార్పిడి. దాత ఒంట్లోంచి తీసిన కిడ్నీని నాలుగు డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. చల్లబడిన కణానికి ఆకలి పదో వంతుకు పడిపోతుంది. ఒంటి వేడిమిలో అరగంట ఆగితేనే దెబ్బతినే అవయవం ఐసులో ఒక రోజు దాకా నిలుస్తుంది. అయినా మరణించిన దాతల నుంచి వచ్చిన కిడ్నీల్లో కొన్ని అమర్చిన మొదటి వారం నిద్రపోతాయి, అన్నాళ్లూ డయాలిసిస్ తప్పదు. ప్రయోగశాలలో ఎలుకల కిడ్నీని కాపాడిన మందులు చాలానే ఉన్నాయి. మనుషుల్లో అవి ఒక్కటొక్కటిగా తేలిపోయాయి. ఎలుక కిడ్నీ రక్తనాళానికి క్లిప్పు పెట్టి రక్తం ఆపే నిమిషం పరిశోధకులకు తెలుసు, మందు ముందే ఇవ్వొచ్చు. మన కూలీకి రక్తం తగ్గడం ఎప్పుడు మొదలైందో ఎవరూ చూడలేదు. అతను వచ్చింది మూడో రోజున. మందు కోసం వెతికే చోటు గురించి ఈ తేడా చాలా చెబుతుంది, కానీ పరిశోధనలు దాన్ని ఆలస్యంగా పట్టించుకున్నాయి.

బతికిన దుబ్బులు వేసే పిలకలు

ఒక వడపోత గుత్తి, దాని నాళిక కలిస్తే ఒక నెఫ్రాన్. పుట్టిన తర్వాత మనిషిలో కొత్త నెఫ్రాన్ ఒక్కటి కూడా తయారు కాదు. ఒక్కో కిడ్నీకి సుమారు పది లక్షలు, అంతే ఆస్తి. కానీ నెఫ్రాన్ చట్రం నిలిచి ఉంటే దాని గోడకు కొత్త కణాలు రాగలవు. అవి బయటి నుంచి రావు. ముంపు తీశాక చేలో బతికిన దుబ్బులు పిలకలు వేసి ఖాళీలు పూడ్చినట్టు, మిగిలిన కణాలే తమ ముదురుతనం వదిలేసి, లేతబడి, చీలి, పక్కకు పాకి, ఊడిన చోట్లను కప్పేస్తాయి. తర్వాత మళ్లీ నూగు కట్టుకుని పనిలో పడతాయి. కిమ్-1 అనే ప్రోటీను సాయంతో ఆ కణాలే పక్కన చచ్చిన వాటిని మింగి దారి శుభ్రం చేస్తాయని 2008లో తేలింది. మొదట మంట పెంచిన మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు తర్వాత మరమ్మతు మేస్త్రీలవుతాయి.

ఒకటి నుంచి మూడు వారాల్లో మూత్రం తిరిగి మొదలవుతుంది. కొందరిలో రోజుకు మూడు నాలుగు లీటర్లు కూడా పోతుంది. ఇంట్లోవాళ్లు పండగ చేసుకునే రోజు అది. కొత్త కణాలకు ఇంకా చిక్కబరచడం చేతకాదు కాబట్టి నీటితో పాటు పొటాషియం కూడా జారిపోతుంది. నర్సు చార్టు రాయడం మానకూడని రోజులు అవి.

అన్ని కణాలూ ఈ పని పూర్తి చేయవు. దెబ్బ గట్టిగా తగిలినా, మళ్లీ మళ్లీ తగిలినా, మనిషి వయసు మళ్లినవాడైనా కొన్ని కణాలు చీలడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాయి. అలా ఆగిన కణాలు ఊరుకోవని, మచ్చను పెంచే సంకేతాలు పంపుతూ ఉంటాయని 2010 నాటి పరిశోధన చూపించింది. సన్న రక్తనాళాలను పట్టుకుని ఉండే కణాలు ఆ పిలుపు విని, నాళాలను వదిలేసి పీచు నేసే పనికి పోతాయి. పట్టు లేని నాళాలు కుంచించుకుపోతాయి. అసలే తక్కువ రక్తం ఉన్న శివారుకు ఉన్న బోదెలు కూడా పూడుకుపోతాయి. ఆక్సిజన్ ఇంకా తగ్గి, ఇంకొన్ని కణాలు ఆగిపోయి, మచ్చ తనంతట తాను పెరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు విన్నవాళ్లు ప్రతి కిడ్నీ జబ్బునూ నీళ్ల మీదికి తోసేస్తున్నారు. అక్కడిది కారణం తేలని దీర్ఘకాలిక జబ్బు. ఇక్కడ చెప్పుకున్న దారి వేరు, కారణం కూడా చాలా వరకు తెలిసిందే.

ఇదంతా జరుగుతున్నప్పుడు రిపోర్టు మాత్రం నార్మల్ అనే అంటుంది. మిగిలిన నెఫ్రాన్లు అదనపు పని నెత్తినేసుకుంటాయి. దాదాపు సగం సామర్థ్యం పోయేదాకా క్రియాటినిన్ గీత దాటకపోవచ్చు. కండ తక్కువగా ఉన్న మనిషిలో ఆ అంకె ఇంకా మోసం చేస్తుంది. అందుకే ఇలా దెబ్బ తగిలినవాళ్లను మూడు నెలలకు మళ్లీ చూడమని, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను పోతోందా అని కూడా పరీక్షించమని కిడ్నీ డాక్టర్లు చెబుతారు. మన కూలీ 1.2 క్రియాటినిన్‌తో మే నెలలో ఇంటికి వెళ్లాడు. డిశ్చార్జి కాగితం మీద చివరి వరసలో ఆ తేదీ రాసి ఉంటుంది. మూడు నెలలంటే ఆగస్టు. కాలువలు నిండుగా ఉంటాయి, సార్వా చేలల్లో కలుపు పనులు ముమ్మరంగా ఉంటాయి, మనిషికి ఒంట్లో నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. ఆ రోజు పట్నం వెళ్లాలంటే బస్సు చార్జీలతో పాటు ఒక రోజు కూలి వదులుకోవాలి.